విశ్వాసానికి వెల అడగని చట్టం కావాలి



మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో పరిచర్య చేసే మా వంటివారిని యౌవనస్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ఉద్యోగం వచ్చేదాకా బాప్తిస్మం ఆపుకోమంటారా?" ఇది అవిశ్వాసం వల్ల పుట్టిన ప్రశ్న కాదు. అడిగే బిడ్డ ఆదివారం ఆరాధన మానడు, శుక్రవారం ఉపవాస ప్రార్థన మానడు. వాడి భయమంతా ఒక కాగితం గురించే. ఆ కాగితం మీద కులం పక్కన మతం అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నిజం రాస్తే ఏం పోతుందో వాడికి మనకంటే బాగా తెలుసు.

ఈ ప్రశ్నకు ప్రసంగ వేదిక మీద ఒక్క మాటలో జవాబు చెప్పి వదిలేయడం సరికాదని మా అభిప్రాయం. మన దేశ చట్టం మన విశ్వాసాన్ని ఎంతవరకు కాపాడుతోంది, ఎక్కడ కాపాడకుండా ఆగిపోతోంది, ఆగిన చోట మనం ఏం చేయాలి అనే మూడు సంగతులు మన సంఘస్థులందరూ తెలుసుకోవాలి.

రెండు రోజులు, రెండు తీర్పులు

2024 నవంబరు 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రాజ్యాంగ పీఠికలో నుండి "సామ్యవాద", "లౌకిక" అనే మాటలు తీసేయాలని వేసిన పిటిషన్లను కొట్టేసింది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన ఆ రెండు మాటలు అలాగే ఉంటాయని చెప్పింది. సామ్యవాదం అంటే మన దేశంలో ఫలానా ఆర్థిక విధానమే అని కాదు, ప్రజల సంక్షేమం చూసే, అందరికీ సమానావకాశం ఇచ్చే రాజ్యం అని వివరించింది. ఆ వార్త విని మనలో చాలామంది దేవునికి స్తోత్రం చెప్పాం.

మరుసటి రోజు నవంబరు 26. రాజ్యాంగ దినోత్సవం. ఆ రోజు అదే సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక సోదరి కేసులో తీర్పు చెప్పింది. ఆమె చిన్నతనంలోనే బాప్తిస్మం పొందింది, గుడికి వెళ్తూ ఉంది, క్లర్కు ఉద్యోగం కోసం హిందూ ఎస్సీ సర్టిఫికెట్టు కావాలంది. క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ రిజర్వేషను కోసం మాత్రం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని కోర్టు అంది.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రోజు: ఈ రాజ్యం పేదవాడి పక్షం, ఏ మతం పక్షమూ కాదు. రెండో రోజు: పేదవాడు ఫలానా మతంలో ఉంటేనే ఆ సాయం. ఆ సోదరి అబద్ధం చెప్పడాన్ని మేము సమర్థించం. అయితే నిజం చెబితే అన్నం పోయే పరిస్థితిని తెచ్చిపెట్టింది ఎవరు అని అడగకుండా ఉండలేం.

కాగితం మీది స్వేచ్ఛ, గుడిలోని స్వేచ్ఛ

ముందుగా మనకు ఉన్నదానికి కృతజ్ఞత చెప్పాలి. తమను సామ్యవాద రాజ్యాలమని చెప్పుకున్న దేశాలన్నిటిలో విశ్వాసుల గతి ఒకేలా లేదు. సోవియట్ యూనియన్‌లో 1929లో వచ్చిన మత సంఘాల చట్టం ప్రకారం సంఘం పేదలకు ఆర్థిక సహాయం చేయకూడదు. పిల్లలకు, యౌవనస్థులకు, స్త్రీలకు ప్రత్యేక కూటాలు పెట్టకూడదు. అంటే మన సండే స్కూలు, మన స్త్రీల సమాజం, మన యూత్ మీటింగు అక్కడ నేరం. 1936 నాటి వారి రాజ్యాంగం ఆరాధించే స్వేచ్ఛ ఉందని రాసింది. ప్రచారం చేసుకునే స్వేచ్ఛ మాత్రం మతానికి వ్యతిరేకంగా మాట్లాడేవారికే ఇచ్చింది. అల్బేనియా ఇంకా ముందుకు వెళ్లి 1967లో గుళ్లూ మసీదులూ మూసేసింది. 1976లో రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని రాజ్యాంగంలోనే రాసుకుంది. చైనా 1982 రాజ్యాంగం "సాధారణ" మత కార్యకలాపాలను కాపాడతామంటుంది. ఏది సాధారణమో తేల్చేది ప్రభుత్వమే.

మన రాజ్యాంగం 25వ అధికరణం వేరే దారిలో నడిచింది. మనస్సాక్షి స్వేచ్ఛ, మతాన్ని స్వీకరించి చెప్పుకునే హక్కు, ఆచరించే హక్కు, ప్రచారం చేసే హక్కు, ఈ నాలుగూ అందరికీ ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. 26వ అధికరణం సంఘం తన పనులు తాను చక్కబెట్టుకోవచ్చంది. 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదంది. ఇది మనకూ వర్తిస్తుంది, అందరికీ వర్తిస్తుంది.

"ప్రచారం" అనే ఆ ఒక్క మాట ఊరికే రాలేదు. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో దాని మీద గట్టి వాదన జరిగింది. ఆ మాట వద్దని కొందరు పట్టుబట్టారు. దాన్ని నిలబెట్టడానికి మాట్లాడినవారిలో హిందూ సభ్యులున్నారు. టి.టి. కృష్ణమాచారి తాను సుమారు 14 ఏళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివానని, తన మతం మార్చాలని ఎవరూ ప్రయత్నించలేదని సభకు చెప్పారు. ప్రియులారా, ఇది మరచిపోకండి. మన స్వేచ్ఛను మనం ఒక్కరమే సంపాదించుకోలేదు. మన విశ్వాసం లేని సోదరులు కూడా మన కోసం లేచి నిలబడ్డారు. అందుకే ఇతర మతస్థుల గురించి వేదికల మీద తేలిక మాటలు మాట్లాడే బోధకుడు సువార్తకే కాదు, ఆ మేలుకు కూడా ద్రోహం చేస్తున్నాడని మేము అంటాం.

1977 జనవరిలో, అంటే పీఠికలో "లౌకిక" అనే మాట అమలులోకి వచ్చిన ఆ నెలలోనే, సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్, ఒడిశా చట్టాల కేసులో ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని చెప్పింది. దీని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మనకు మాత్రం ఇందులో కొత్త ఇబ్బంది లేదు. ఎవరినైనా మార్చేది పరిశుద్ధాత్ముడే గాని మనం కాదు కదా.

ఈ విషయంలో మన ప్రాంతానికి మంచి మాదిరి ఉంది. 1876-78 కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. గింజల కోసం చేరారని రేపు ఎవరూ అనకూడదని. కరువు పనులు ఆగిపోయాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన నల్లమలలో పుట్టి పారే ఆ ఏరే దానికి సాక్షి. ప్రలోభపెట్టి మార్చారని మన మీద నింద వచ్చినప్పుడు చూపించవలసింది ఈ చరిత్రే. అయితే అది చూపించాలంటే మన చేతులు కూడా అంత శుభ్రంగా ఉండాలి.

మన తెలుగు న్యాయమూర్తి ఒకరు

ఈ సందర్భంలో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారిని తలచుకోవాలి. 1978 నుండి 1987 వరకు సుప్రీంకోర్టులో పనిచేసిన తెలుగువారు. 1986లో ఆయన ఎదుటికి కేరళ నుండి ముగ్గురు పిల్లల కేసు వచ్చింది. ఆ పిల్లలు యెహోవాసాక్షుల కుటుంబంలోని వారు. బడిలో జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు గాని పాడేవారు కాదు. బడి నుండి పంపేశారు. వారి నమ్మకం మనకు సమ్మతమా కాదా అన్నది ప్రశ్న కాదని, అది నిజాయితీగా మనస్సాక్షితో పట్టుకున్న నమ్మకమా అన్నదే ప్రశ్న అని ఆయన తేల్చారు. పిల్లలను తిరిగి చేర్చుకోమన్నారు. వారి సిద్ధాంతంతో మనకు ఎంతో భేదం ఉంది. అయినా వారికి దొరికిన రక్షణ నీడలోనే మనమూ ఉన్నాం.

అదే న్యాయమూర్తి 1982లో ఢిల్లీ పోలీసు శాఖలోని ఒక డ్రైవరు జీతం కేసులో ఇంకో మాట చెప్పారు. పీఠికలో సామ్యవాదం అని రాసుకున్నాక దానికి ఏదో ఒక అర్థం ఉండి తీరాలని, కనీసం సమాన పనికి సమాన వేతనం అనైనా ఉండాలని ఆయన అన్నారు. మనస్సాక్షి సంగతిలోనూ కూలి సంగతిలోనూ ఆయన ఒకే రాజ్యాంగాన్ని చదివారు. ఒక చేత్తో ఆరాధన, ఇంకో చేత్తో అన్నం అని విడదీయలేదు. మన అడుగుదల కూడా ఇంతే.

చట్టం ఆగిపోయిన చోటు

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారు షెడ్యూల్డు కులాల వారు కారని చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లిములు నేటికీ బయటే ఉన్నారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో 1985 నాటి సూసై కేసు చెబుతుంది. ఆయన మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఆదిద్రావిడ క్రైస్తవుడు. ప్రభుత్వం రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఎస్సీలకు ఉచితంగా బంకులు ఇచ్చింది. ఈయనకు ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే ఎండ, అదే ఆరె, అదే తోలు. తేడా ప్రార్థనలో మాత్రమే. సుప్రీంకోర్టు ఏమందంటే, మతం మారాక కూడా ఆ బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువులు చూపాలి అంది. ఆ రుజువులు చాలలేదని కేసు కొట్టేసింది.

మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను బీసీ-సీ కింద ఉంచారు. దానికి రిజర్వేషను ఒక్క శాతం. 1977లో వచ్చిన జీవో 341 కొన్ని రాయితీలు ఇచ్చింది గాని రాజ్యాంగం ఇచ్చే హక్కులు దాని వల్ల రావు. ఇక 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు తీర్పు చూశాం. ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి, మతం మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఆ చట్టం రక్షణ లేదని కోర్టు చెప్పింది.

క్రైస్తవంలో కులం లేదన్న మాట వాక్యానుసారంగా నిజమే. అయితే తిట్టేవాడు వాక్యం చదివి తిట్టడు. పొలం గట్టు మీద, టీ బంకు దగ్గర ఎవరూ మన బాప్తిస్మం రిజిస్టరు తెరిచి చూడరు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఏ దిక్కున ఉండేవో ఆ దిక్కునే ఉన్నాయి. మనం దేవుణ్ణి మార్చుకున్నాం గాని ఊరు తన చూపు మార్చుకోలేదు.

ఇంకో సంగతి చూడండి. షెడ్యూల్డు తెగలకు ఇలాంటి మత నిబంధన 1950 ఉత్తర్వుల్లో లేదు. మన కూటాల్లో సుగాలి తండా నుండి వచ్చే సహోదరుడు ఉన్నాడు, నల్లమల గూడెం నుండి వచ్చే చెంచు సహోదరి ఉంది, పలకల షెడ్డులో పనిచేసే మాదిగ సహోదరుడు ఉన్నాడు. ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుని ఒకే రొట్టెలో పాలు పొందుతారు. బయటికి వెళ్లాక ఇద్దరి కాగితం నిలుస్తుంది, మూడోవాడి కాగితం పోతుంది. ఒకే విశ్వాసానికి చట్టం ఇద్దరి దగ్గర వెల అడగక మూడోవాడి దగ్గర మాత్రం అడుగుతోంది. ఇది న్యాయమని మమ్మల్ని ఎవరూ ఒప్పించలేకపోయారు.

ఎదుటివారి మాట కూడా వినాలి

క్రైస్తవులను చేర్చుకుంటే మా వాటా తగ్గుతుంది కదా అని హిందువులుగా ఉన్న ఎస్సీ సహోదరులు అడుగుతారు. దాన్ని అసూయ అని కొట్టిపారేయకండి. మన ప్రకాశం జిల్లా ఈదుముడిలోనే 1994లో మాదిగ దండోరా మొదలైంది. 15 శాతంలో న్యాయమైన పంపకం కోసం 30 ఏళ్లు పోరాడాక, 2025లో మన రాష్ట్రంలో ఒకటి, ఆరున్నర, ఏడున్నర శాతాలుగా వర్గీకరణ జరిగింది. అంత కష్టపడి పంచుకున్న కూడులో ఇంకొకరు చెయ్యి పెడతారంటే భయం ఉంటుంది.

అందుకే మా అభిప్రాయం ఇది. రెండు సంగతులను విడదీసి అడగాలి. సీట్లు, ఉద్యోగాలు పంచితే తగ్గేవి. కాబట్టి అక్కడ లెక్కలు తీయాలి, వాటా వేరుగా చూడాలి, మాట్లాడుకోవాలి. దెబ్బ నుండి, దూషణ నుండి రక్షణ అలా కాదు. ఒక పాస్టరును కులం పేరుతో కొట్టినవాడికి శిక్ష పడితే ఏ హిందూ ఎస్సీ సోదరుడి రక్షణా గింజంతైనా తగ్గదు. కాబట్టి పార్లమెంటు ముందుగా అత్యాచారాల నిరోధక చట్టంలో నిర్వచనం మార్చి, మతంతో పని లేకుండా, కులం కారణంగా దెబ్బ తిన్న ప్రతివాడికీ రక్షణ ఇవ్వాలి. దీనికి ఏ వాటా తగాదా అడ్డు రాదు.

రిజర్వేషను సంగతిలో 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషను మత నిబంధన తీసేయమంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషనును వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. తీర్మానాలు, నివేదికలు చాలా అయ్యాయి. ఒక తరం బిడ్డలు వయసు దాటిపోయారు.

మన సంఘాలు చేయవలసినవి

మొదటిది, అబద్ధం వద్దు. బాప్తిస్మం రిజిస్టరులో పేరు దాచమని, తేదీ మార్చమని అడిగితే సంఘ కాపరి ఒప్పుకోకూడదు. అలా రాసిన కాగితం రేపు ఆ బిడ్డ ఉద్యోగాన్నే తీసేయగలదు. అయితే ఆ కాగితం పట్టుకుని బతుకుతున్న కుటుంబాన్ని వేలెత్తి చూపే అధికారం కూడా మనకు లేదు. మన కడుపు నిండి ఉండి వారికి త్యాగం బోధించకూడదు.

రెండోది, వెలను సంఘం పంచుకోవాలి. నిజం రాసి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్న బిడ్డకు ఆ ఫీజు ఎవరు కట్టాలి? పండుగకు స్టేజీ, సౌండు, బిర్యానీ ఖర్చు పెట్టగలిగిన సంఘం ఒక డిగ్రీ విద్యార్థి ఫీజు కట్టగలదు. "ఉద్యోగం వచ్చేదాకా బాప్తిస్మం ఆపుకోమంటారా" అని అడిగిన బిడ్డకు మా జవాబు ఇదే: ఆపుకోవద్దు, అయితే ఒంటరిగా మోయవద్దు, మేము నీతో మోస్తాం. ఈ రెండో భాగం చెప్పలేని సంఘానికి మొదటి భాగం చెప్పే హక్కు లేదు.

మూడోది, మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్ల సంఘం అని మనవాళ్లే పిలుచుకుంటుంటే, పెళ్లి సంబంధాల్లో, సమాధుల తోటలో గీతలు గీసుకుంటుంటే, కులం ఊరు చేసిన పాపమని కోర్టులో ఏ ముఖంతో చెబుతాం? గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు పంపకంలో అన్యాయం జరిగిందని సణుగు వచ్చినప్పుడు అపొస్తలులు దాచిపెట్టలేదు. సంఘాన్ని పిలిచి సరిదిద్దారు (అపొ.కా. 6).

నాలుగోది, ఉన్న చట్టాన్ని తెలుసుకోవాలి. భారతీయ న్యాయ సంహితలో 298వ సెక్షను ప్రార్థనా స్థలాన్ని పాడుచేయడాన్ని, 300వ సెక్షను శాంతంగా జరిగే ఆరాధనను చెడగొట్టడాన్ని నేరాలుగా చెబుతున్నాయి. ఏ మతం వారి కూటమైనా ఇదే రక్షణ. ఎవరైనా అడ్డుకుంటే తిరగబడకుండా, తేదీ, సమయం, సాక్షులతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. అలాగే రాత్రి 10 దాటాక బయట మైకు పెట్టకూడదన్న నియమం మనకూ ఉంది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఒక సంఘం వేసిన కేసులోనే, పొరుగువారి శాంతిని చెడగొడుతూ మైకులో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదంది. హక్కు అడిగేవాడు హద్దు కూడా పాటించాలి.

ద్వారం దగ్గర నిలిచిన ఐదుగురు

కోర్టులు, చట్టాలు లోకసంబంధమైనవి, మనకెందుకు అనేవారు ఉన్నారు. పౌలు అలా అనుకోలేదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి రహస్యంగా వెళ్లగొట్టబోతే అధికారులనే వచ్చి బయటికి తీసుకురమ్మన్నాడు (అపొ.కా. 16). కొరడాల ముందు తన రోమా పౌరసత్వాన్ని గుర్తు చేశాడు (అపొ.కా. 22). చివరికి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు (అపొ.కా. 25). సువార్త కోసం చావడానికి సిద్ధపడినవాడే తన హక్కును అడిగాడు.

చట్టమే మారాలని అడగడానికి కూడా వాక్యంలో మాదిరి ఉంది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు గుడారపు ద్వారం దగ్గర మోషే ఎదుట, ప్రధానుల ఎదుట నిలిచారు (సంఖ్యా. 27). కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి స్వాస్థ్యం ఎందుకు పోవాలి అని అడిగారు. తిరుగుబాటు చేయలేదు, అబద్ధం చెప్పలేదు, ఊరుకోనూ లేదు. దేవుడు వారి మాట న్యాయమన్నాడు. ఆ ఐదుగురికి న్యాయం చేసి ఆగలేదు, ఇశ్రాయేలీయులందరికీ దాన్ని విధిగా నియమించాడు.

మనం కూడా అలాగే నిలబడదాం. మన శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు రాయండి. మర్యాదగా, పేరు పెట్టి, సంతకం పెట్టి రాయండి. మన బిడ్డలు ఆ గడిలో నిజం రాసినందుకు ఏమీ పోగొట్టుకోని రోజు కోసం ప్రార్థించండి.

ప్రేమగల తండ్రీ, మా దేశాన్ని, మా పాలకులను, మా న్యాయమూర్తులను దీవించు. మా పొరుగువారితో సమాధానంగా ఉండే మనస్సు మాకివ్వు. నిజం చెప్పే ధైర్యం మా బిడ్డలకివ్వు, వారి భారం మోసే చేతులు మా సంఘాలకివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.